మీకు తెలుసా? ‘బలగం’లో ఏడిపించిన గొంతులు వరంగల్‌వే

‘బలగం’ చిత్రం (2023) చివర్లో వినిపించే గొంతులు సినిమా గాయకులవి కావు. వరంగల్ జిల్లా దుగ్గొండి మండలానికి చెందిన బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులవి. చావు జరిగిన ఇళ్లలో పోయినవాళ్ల గురించి పాడటం వాళ్లకు తెలిసిన విద్యే. అందుకే దర్శకుడు వేణు యెల్దండి వాళ్లనే తెరమీదికి తెచ్చారు.

కథలో చనిపోయిన తాత కొమురయ్య పేరున పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఆలుమగలు అందుకున్న పాటకు, పగబట్టిన తోడబుట్టినవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. ఆ సన్నివేశానికి ప్రాణం వాళ్ల గొంతే. ఊళ్లలో తెరలు కట్టి మరీ ఈ సినిమా చూశారు.

మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

పల్లె పాటను సినిమా అందరికీ చేర్చడం వేరేచోటా జరిగింది. అమెరికా పల్లెల బ్లూగ్రాస్ సంగీతానికి 2000లో ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా కొత్త శ్రోతలను తెచ్చింది. ఆ పాటల ఆల్బమ్‌కు 2002లో గ్రామీ కూడా దక్కింది.