కాలమ్ లెక్కల భాషలోకి ఎక్స్‌ఎంఎల్

ఆర్‌పీజీ పంచ్ కార్డుల కాలంలో, 1959లో, ఐబీఎం 1401 కోసం పుట్టిన భాష. కార్డుకి ఎనభై కాలమ్‌లు; ఏది ఏ కాలమ్‌లో పడాలో ముందే ఖాయం. ఎక్స్‌ఎంఎల్‌కి ఆ పట్టింపే లేదు. ట్యాగులో ట్యాగు, దాని లోపల ఇంకోటి. ఎన్ని వస్తాయో పత్రం తెరిచేదాకా తెలియదు. ఈ రెండింటికీ పొత్తు కుదిరేదెలా?

2006లో వీ5ఆర్4 అనే సిస్టమ్ వెర్షన్‌తో ఐబీఎం రెండు దారులు చూపింది. మొదటిది ఎక్స్‌ఎంఎల్-సాక్స్. ట్యాగు మొదలైనా, ముగిసినా అది ప్రోగ్రామర్ రాసిన ప్రొసీజర్‌ని పిలుస్తుంది. ఎంత లోతులో ఉన్నామో గుర్తుంచుకునే బాధ్యత ఆ ప్రొసీజర్‌దే.

రెండోది ఎక్స్‌ఎంఎల్-ఇన్‌టూ. ఇందులో లూపే రాయక్కర్లేదు. ఒక ఆర్డర్ పత్రాన్ని తీసుకుందాం: లోపల కస్టమర్ పేరు, దాని కింద వరసగా ఐటమ్‌లు, ఒక్కో ఐటమ్‌లో కోడ్, సంఖ్య, ధర. ముందు ఐటమ్‌కి ఒక డేటా స్ట్రక్చర్ రాస్తారు. ఆర్డర్ స్ట్రక్చర్‌లో దాన్నే 'లైక్‌డీఎస్' అని చెప్పి, 'డిమ్ 50' అని యాభై గదులు కేటాయిస్తారు. ఆ తర్వాత ఒక్క ఆదేశం చాలు. ట్యాగు పేరూ సబ్‌ఫీల్డ్ పేరూ కలిసిన చోటల్లా విలువ వచ్చి కూర్చుంటుంది. '12' అన్న అక్షరాలు డెసిమల్ అంకెగా మారిపోతాయి. కోడ్ విడి ట్యాగుగా వచ్చినా, ఐటమ్ ట్యాగుకే ఆట్రిబ్యూట్‌గా వచ్చినా తేడా లేదు.

చిక్కంతా లెక్క దగ్గరే. గదులు యాభై, వచ్చిన ఐటమ్‌లు మూడు. స్ట్రక్చర్‌కీ పత్రానికీ పొంతన లేదంటూ 353 స్టేటస్ కోడ్‌తో ప్రోగ్రామ్ మొరాయిస్తుంది. 'అలౌమిస్సింగ్=యెస్' అని ఆప్షన్ పెడితే నోరు మూసుకుంటుంది, నిజమే. కానీ అప్పుడు కస్టమర్ పేరు లేకపోయినా పట్టించుకోదు, నిండిన గదులెన్నో కూడా చెప్పదు.

'కౌంట్‌ప్రిఫిక్స్' వచ్చింది ఇందుకే. 'కౌంట్‌ప్రిఫిక్స్=నమ్_' అని రాసి, స్ట్రక్చర్‌లో 'నమ్_ఐటమ్' అనే సబ్‌ఫీల్డ్ పెడితే అందులో 3 వచ్చి పడుతుంది. ఐటమ్‌లు తగ్గినా తప్పు పట్టదు. కస్టమర్ పేరు లేకపోతే మాత్రం ఊరుకోదు. యాభై ఒకటో ఐటమ్ వచ్చిందా, మళ్లీ 353 తప్పదు. లోపల ఎన్ని అంతస్తులున్నా ప్రతి స్ట్రక్చర్‌కీ ఇలా తన లెక్క తనకే ఉంటుంది.

తర్వాతి కథ చకచకా నడిచింది. స్ట్రక్చర్ లోపలే స్ట్రక్చర్ రాసుకునే వీలొచ్చింది. 2018లో డేటా-ఇన్‌టూ దిగింది. స్కాట్ క్లెమెంట్ అనే ప్రోగ్రామర్ రాసిన పార్సర్‌ని జతచేస్తే జేసన్ ఫార్మాట్‌లోని డేటానీ ఇదే పద్ధతిలో నింపుతుంది. కౌంట్‌ప్రిఫిక్స్ అందులోనూ పనిచేస్తుంది.