తంగేటి పువ్వు బుట్టా కాగలదా?

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల గుట్టల వాలులలోను, బీళ్ళలోను పసుపు పచ్చగా పూచి నిలుచు పొద ఒకటి కలదు. ఇంట దానిని తంగేడు అందుము. వీధిలోనికి పోయిన అదే ఆవారం. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. సరిహద్దు మారినను పువ్వు రెండు పేర్లతోను అక్కడనే పూచుచున్నది.

మన చీరలపై మామిడి పిందె కలదు, హంస కలదు. నిత్యము కంటబడు తంగేడు అరుదు. ఏలన, నమూనా సాధారణముగా ఇతరుల వద్ద నుండి వచ్చును, మనము నేయుదుము. నమూనా ఎవరిదో బేరము వారిది. కావున మన ఇండ్లలో బొమ్మ గీయ నేర్వవలెను. దానికి చిత్రకళాశాల అక్కరలేదు.

నీటిరంగులు ఒకదానిలోనొకటి కరగిపోవును. తైలవర్ణములు ఆరుటకు దినములు పట్టును. 1950వ దశకమున అమెరికాలో అమ్మకమునకు వచ్చిన, నీటితో కలుపు యాక్రిలిక్ రంగులు పలుచగా పూసిన అరగంటలో ఆరును. ఆరిన పిమ్మట నీటికి కరగవు. పైన వేరొక రంగు వేసినను అడుగుది చెదరదు. నూలును అట్టిదే కదా! ఎర్రపోగు ప్రక్కన పసుపుపోగు నిలుచునే గాని రెండును కరగి కలియవు. అందుచేత నేతవారికి ఈ రంగులు అనుకూలము.

పసుపు, ఎరుపు, నీలము, తెలుపు రంగుల చిన్న గొట్టములు నాలుగు, 2, 6 నంబర్ల గుండ్రని కుంచెలు, దళసరి కాగితము, పాత పింగాణి పళ్ళెము, గిన్నెడు నీరు చాలును.

కొమ్మను తెచ్చి ఎదుట పెట్టుకొని ముందు చూడుడు. ఈనెకు ఇరువైపుల 8 మొదలు 12 జతల చిన్న ఆకులుండును. ఈనె మొదట చెవి వంటి గుండ్రని ఆకు కనబడును. తంగేటికి అది మంచి గుర్తు. పువ్వునకు రేకులు ఐదు. పెన్సిలుతో తేలికగా గీసికొని రంగునకు దిగవలెను.

ఆకుల కొరకు పసుపులో నీలమును చుక్క చుక్కగా కలుపుడు. నీలములో పసుపు కలుపబోయిన పసుపు గొట్టమంతయు చెల్లిపోవును. పచ్చదనము మరీ మెరసినచో ఎరుపు రవ్వంత చేర్చిన చాలును. పసుపు పలుచని రంగు, ఆకుపచ్చపై వేసిన మాసిపోవును. కావున రేకుల చోట తెలుపు పూసి, ఆరిన పిదప పసుపు వేయవలెను. రేకుల నీడకు నలుపు కలుపరాదు, పాచి రంగు వచ్చును. కొంచెము ఎరుపు చేర్పుడు. కుంచెను ఆరనీయక కడుగుడు. ఆరినచో అది పనికిరాదు.

బొమ్మ కుదిరిన తరువాత అసలు పని. కొమ్మ అంతయు బుట్టాలో పట్టదు. ఒక పువ్వు, ఒక మొగ్గ, రెండు ఆకులు ఉంచి తక్కినవి తీసివేయుడు. రంగులు మూడు మించరాదు. రంగు పెరిగిన కొలది కండెలు పెరుగును, పని పెరుగును. కూలి అంతగా పెరుగదు.

అంగుళమునకు 60 పడుగు పోగులు, 48 పేక పోగులు గల బట్టలో అంగుళము పువ్వునకు గళ్ళ కాగితముపై అడ్డముగా 60, నిలువుగా 48 గళ్ళు కావలెను. కాగితముపై అది వెడల్పుగా కనబడును. బట్టపై సరిగా గుండ్రముగా వచ్చును. కాగితముపై గుండ్రముగా గీసినచో బట్టపై నిలువుగా సాగును. రేకు పొడవున పోగు తేలిపోయిన గాజులకు తగులును. నడుమ ఈనె గీసి ఆ తేలుటను తెంపవలెను.

ఈ రంగులు కాగితమునకే. ఊరక బట్టపై పూసిన పొరగట్టి బిరుసెక్కును. పూసిన పువ్వును నేసిన పువ్వని అమ్మరాదు.

చెట్టును చూచి గీయుట ఈ దేశమునకు క్రొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచే మొక్కలను గీయించెను. ఆ బొమ్మలలో 300 లండనులో 1795 నుండి అచ్చయినవి. గీసినవారి పేర్లు ఎవరును వ్రాసి ఉంచలేదు. తరువాతి కాలమున రాబర్ట్ వైట్ వద్ద రంగయ్య, గోవిందు అను ఇద్దరు పనిచేసిరి. కోయంబత్తూరులో అమెరికా ప్రత్తి సాగు ప్రయోగములు నడపిన దొర ఇతడే. 1838 నుండి 1853 వరకు ఇతడు 2,101 చిత్రపటములు ప్రచురించెను. గీసినవారి పేర్లు పటములపై పడినవి. 1853లో ఒక ఆర్కిడ్ జాతికి గోవిందు పేరిట ‘గోవిందూయియా’ అని నామకరణము జరిగెను.

పేరు నిలుచుటకును నిలువకపోవుటకును గల భేదము ఇది. నేడు మనకు ఒక ఆధారము కలదు. 2000వ సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద క్రొత్త నమూనాను నమోదు చేయించినచో 10 సంవత్సరముల హక్కు వచ్చును. మరి 5 సంవత్సరములు పొడిగించుకొనవచ్చును. అయితే అంతకు ముందే బయటపెట్టిన నమూనాకు నమోదు దొరకదు. కావున దరఖాస్తు పెట్టిన తరువాతనే వర్తకునికి చూపుడు.

తంగేడు కుదిరినచో, తిరుత్తణి కొండ కథలో ఇంద్రుడు స్వామిని పూజించిన నీలోత్పలము ఉండనే ఉన్నది. మగ్గము దిగిన సాయంవేళ పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఒక కొమ్మ నడుమ పెట్టుడు. తొలి బొమ్మ వంకరగా వచ్చినను చింపివేయకుడు. కాగితము వెనుక గీసినవారి పేరు, తేదీ వ్రాసి పెట్టెలో దాచుడు.