మీకు తెలుసా? రాత్రి పదింటికీ తెరిచుండే కాలేజీ లైబ్రరీ

కాలేజీలో చేరినప్పుడు కట్టే ఫీజులో కొంత లైబ్రరీకి పోతుంది. అయినా చాలామంది విద్యార్థులు ఆ లైబ్రరీ గడప తొక్కేది రెండుసార్లే. చేరిన కొత్తలో కార్డు తీసుకోవడానికి ఒకసారి, చదువు అయిపోయాక 'నో డ్యూస్' సంతకం కోసం మరోసారి. ఈలోగా లైబ్రరీ వాళ్ల కోసం కొని ఉంచిన వాటిలో చాలా భాగం బీరువాల్లో కనిపించదు, ఫోన్లో తెరుచుకుంటుంది. సాయంత్రం బస్సెక్కి ఊరు చేరుకునే పిల్లలకు ఎక్కువగా అక్కరకొచ్చేది అదే. అందులో ఏమేమున్నాయో, ఎలా అందుకోవాలో చూద్దాం.

ఒక్క చందా, వేల జర్నళ్లు

గుజరాత్‌లోని గాంధీనగర్‌లో 'ఇన్‌ఫ్లిబ్‌నెట్' అనే కేంద్రం ఉంది. విశ్వవిద్యాలయాల, కాలేజీల లైబ్రరీలను కలిపే పని దానిది. డిగ్రీ కాలేజీల కోసం అది 2010 నుంచి 'ఎన్-లిస్ట్' అనే సేవ నడుపుతోంది. కాలేజీ ఏడాదికి ఒకసారి చందా కడితే చాలు, అక్కడి విద్యార్థులు, అధ్యాపకులు 6,000కు పైగా జర్నళ్లు, లక్షల కొద్దీ ఈ-పుస్తకాలు చదువుకోవచ్చు. విద్యార్థి విడిగా ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. ఇందులో ఎవరి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వారికే ఉంటాయి కాబట్టి ఇంట్లో ఉన్నా, హాస్టల్లో ఉన్నా, సెలవుల్లో మేనమామ గారి ఊరు వెళ్లినా పనిచేస్తుంది.

పాస్‌వర్డ్ ఇచ్చేది ఎవరు?

మీ కాలేజీ లైబ్రేరియనే. విద్యార్థుల పేర్లు, ఈమెయిళ్లు ఆయనో ఆవిడో నమోదు చేస్తే పాస్‌వర్డ్ మీ మెయిల్‌కి వస్తుంది. అక్కడ కనిపించకపోతే స్పామ్‌లో వెతకండి. చేరినప్పుడు నెట్ సెంటర్ వాళ్ల మెయిలో, అన్నయ్య మెయిలో ఇచ్చినవాళ్లు ముందుగా తమ పేరిట ఒకటి తెరిచి లైబ్రరీలో మార్పించుకోవాలి. ఎంతోమందికి ఈ సేవ అందకుండా పోయేది ఈ చిన్న మెట్టు దగ్గరే.

ఇంట్లో తెరిస్తే డబ్బెందుకు అడుగుతుంది?

కాలేజీ కంప్యూటర్లో హాయిగా తెరుచుకున్న వ్యాసం ఇంటికొచ్చి తెరిస్తే డబ్బు కట్టమంటుంది. కారణం ఇది. చాలామంది ప్రచురణకర్తలు పాఠకుడిని పేరుతో గుర్తుపట్టరు, కాలేజీ ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే ఐపీ చిరునామాతో గుర్తుపడతారు. మీ ఫోన్ డేటాకి ఆ చిరునామా ఉండదు కాబట్టి మీరు బయటివారి కిందే లెక్క. దీనికి విరుగుడుగా లైబ్రరీలు 'రిమోట్ యాక్సెస్' ఏర్పాటు చేస్తాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే 'ఇన్‌ఫెడ్' కూడా అలాంటి వ్యవస్థే. అందులో మీ సంస్థ పేరు ఎంచుకుని లాగిన్ అయితే, మీరు ఫలానా కాలేజీ విద్యార్థి అని ప్రచురణకర్తకు ధ్రువీకరణ వెళ్తుంది. కాబట్టి డబ్బు అడగగానే వెనక్కి రాకండి. ఆ పేజీలో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే దారి ఉందేమో చూడండి.

దేశమంతటికీ కలిపి 6,000 కోట్లు

విదేశీ జర్నళ్ల చందాలు ఒక్కో కాలేజీ విడివిడిగా భరించలేనంత ఖరీదు. అందుకే 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 ఈ-జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు దీని పరిధిలోకి వచ్చారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలతో పాటు రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే ఉన్నత విద్యాసంస్థలకూ ఇది వర్తిస్తుంది. అంటే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థి, ఐఐటీ విద్యార్థి ఒకే జర్నల్‌ని ఒకే రోజున చదవగలిగే ఏర్పాటు. నిన్నమొన్నటి దాకా ఇది ఊహకందని మాట.

ఐదు లక్షల పరిశోధనల గంగ

మన విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ పొందిన సిద్ధాంత గ్రంథాలు ఒకప్పుడు ఆయా లైబ్రరీల్లో దుమ్ము పట్టి ఉండేవి. వాటిని ఎలక్ట్రానిక్ రూపంలోనూ సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. అలా చేరినవాటి కోసం ఏర్పడిందే 'శోధ్‌గంగా'. ఇప్పుడందులో ఐదు లక్షలకు పైగా సిద్ధాంత గ్రంథాలున్నాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిశోధనలు కూడా అక్కడ దొరుకుతాయి. తెలుగు సాహిత్యం మీద తెలుగులోనే రాసినవీ ఉన్నాయి. చదవడానికి కాలేజీ చందా అవసరం లేదు, ఎవరైనా తెరవచ్చు. ప్రాజెక్టు రాసే డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఒక మాట. మొత్తం గ్రంథం చదవలేకపోతే ముందుగా పూర్వ పరిశోధనల అధ్యాయం, చివరి గ్రంథసూచి చూడండి. మీ అంశం మీద అప్పటిదాకా ఎవరేం రాశారో ఆ రెండు చోట్లా ఒక్క గంటలో తెలిసిపోతుంది.

పనికొచ్చే జాతీయ లైబ్రరీ, అందరికీ ఉచితం

ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. కేరళ గ్రంథాలయోద్యమ నాయకుడు పి.ఎన్. పణిక్కర్ వర్ధంతి అది, పఠన దినోత్సవం కూడా. బడి పాఠాల నుంచి ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం దాకా ఎక్కడెక్కడి సంస్థల్లోనో ఉన్న పుస్తకాలనూ, వీడియో పాఠాలనూ ఒకే చోట వెతుక్కోవచ్చు.

మన రాజ్ రెడ్డి తలపెట్టిన పని

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి ఆయన ముందుండి నడిపిన 'మిలియన్ బుక్ ప్రాజెక్టు'కి భారతదేశ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. పాత లైబ్రరీల్లో చెదలు పట్టబోతున్న వేల తెలుగు పుస్తకాలను అప్పుడే స్కాన్ చేశారు. ఆ సైటు ఇప్పుడు లేకపోయినా ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాలుగా నమోదు చేశారు కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే మరో స్పెల్లింగ్‌తో వెతకండి.

పుస్తకం ఉందో లేదో ఇంటి నుంచే

మీ లైబ్రరీ పుస్తకాల జాబితా ఆన్‌లైన్‌లో ఉంటే దాన్ని 'ఓపాక్' అంటారు. ఆ పుస్తకం ఉందా, ఎన్ని ప్రతులున్నాయి, ఎవరైనా తీసుకెళ్లారా, ఎప్పుడు తిరిగొస్తుంది అన్నవి అందులో తెలుస్తాయి. చాలాచోట్ల పుస్తకాన్ని ముందుగా రిజర్వు చేసుకోవచ్చు, గడువు పొడిగించుకోవచ్చు. దీని వెనక ఉండే సాఫ్ట్‌వేర్లలో 'కోహా' ఉచితం. న్యూజిలాండ్‌లో చిన్న పట్టణాల లైబ్రరీల కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ 'సోల్', ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ 'ఈ-గ్రంథాలయ' మన దేశంలో తయారైనవి. చాలా కాలేజీలు పాత ప్రశ్నపత్రాలు, సిలబస్, కాలేజీ పత్రిక కూడా ఆన్‌లైన్‌లో పెడతాయి. పరీక్షల ముందు జిరాక్స్ షాపు ముందు బారులు తీరే బదులు అక్కడ చూడండి.

మీ దగ్గర లేని పుస్తకం

ఢిల్లీ లైబ్రరీలను కలపడానికి 1988లో మొదలైన 'డెల్‌నెట్' ఇప్పుడు దేశమంతటా విస్తరించింది. మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇంజినీరింగ్ కాలేజీలు సభ్యులే. మీ లైబ్రరీలో లేని పుస్తకం మరో సభ్య లైబ్రరీలో ఉంటే మీ లైబ్రేరియన్ అడిగి తెప్పించవచ్చు. వ్యాసం కావాలంటే దాని ప్రతి పంపమనవచ్చు.

చూపు లేనివారికి చదివి వినిపించే లైబ్రరీ

చూపు లేనివారికి, అచ్చు పుస్తకం చదవడం కష్టమైనవారికి 2016 ఆగస్టులో 'సుగమ్య పుస్తకాలయ' మొదలైంది. వినే పుస్తకాలు, బ్రెయిలీ ఫైళ్లు భారతీయ భాషల్లోనూ అందులో ఉన్నాయి. ఇలాంటి ప్రతులను చట్టబద్ధంగా తయారు చేసుకునే వీలు 2012లో కాపీరైట్ చట్ట సవరణతో వచ్చింది. అంతర్జాతీయంగా ఇదే హక్కునిచ్చే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే 'ఎన్‌వీడీఏ' సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగూ చదువుతుంది. లైబ్రరీలో కనీసం ఒక్క కంప్యూటర్లోనైనా అది ఉండాలి. మీ లైబ్రరీలో లేకపోతే పెట్టమని అడగండి. ఆ అవసరం మీది కాకపోయినా అడగండి.

10 శాతం దాటితే

విద్యార్థి సమర్పించే సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక ఎంత దాకా చెల్లుతుందో యూజీసీ 2018లో నిర్ణయించింది. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాది పాటు సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించినవి ఈ లెక్కలోకి రావు. కాబట్టి తీసుకున్నది ఎక్కడ నుంచో రాసిపెట్టుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. 'జొటెరో' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది.

ఒకరి తప్పుకి అందరికీ శిక్ష

ఒక జర్నల్ సంచికలన్నీ ఒకేసారి దించుకోవడం, అందుకోసం ప్రోగ్రాములు వాడడం ప్రచురణకర్తతో ఉన్న ఒప్పందానికి విరుద్ధం. ప్రచురణకర్త దాన్ని పసిగడితే కాలేజీ మొత్తానికి సేవ ఆపేయవచ్చు. మీ పాస్‌వర్డ్ మరొకరికి ఇవ్వడమూ తప్పే. కావలసిన వ్యాసం కావలసినప్పుడు దించుకోండి.

తెరవకపోతే పోతుంది

ఏ జర్నల్‌ని ఎంతమంది తెరిచారో లైబ్రరీకి లెక్కలు అందుతాయి. వచ్చే ఏడాది చందా కట్టాలా వద్దా అన్న చర్చలో ఆ అంకెలే మాట్లాడతాయి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం కూడా ఈ-వనరులు ఏమున్నాయి, బయటి నుంచి వాడే వీలుందా అని అడుగుతుంది. మీరు చదివే ప్రతి వ్యాసం మీ తర్వాత చేరే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ సేవను నిలబెడుతుంది.

కాలేజీ అయిపోయాక?

చందాతో వచ్చినవి ఆగిపోతాయి. ఉచితమైనవి మీతోనే ఉంటాయి. శోధ్‌గంగా, జాతీయ డిజిటల్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ అలాంటివే. ఉచిత జర్నళ్ల చిరునామాలు చెప్పే 'డీఓఏజే' 2003 నుంచి నడుస్తోంది. గ్రూప్స్‌కి చదివేవారికీ, పల్లెల్లో ఉంటూ పరిశోధన చేసుకునేవారికీ ఇవి పెద్ద అండ.

పడవ మీద వచ్చిన పుస్తకాలు

పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కృష్ణా కాలువ మీద పుస్తకాల పడవ తిరిగింది. ఒడ్డున ఉన్న ఊళ్ల వారు పుస్తకాలు తీసుకుని చదువుకున్నారు. ఇంత శ్రమపడి పుస్తకాన్ని జనం దగ్గరకు చేర్చిన చోట, జేబులోని ఫోన్‌కి చేరిన లైబ్రరీని తెరవకుండా వదిలేయడం న్యాయం కాదు.

రేపు కాలేజీకి వెళ్లినప్పుడు లైబ్రేరియన్‌ని మూడు ప్రశ్నలు అడగండి. మన కాలేజీకి ఎన్-లిస్ట్ గాని, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గాని ఉందా? నా పాస్‌వర్డ్ ఎలా వస్తుంది? ఇంటి నుంచి ఎలా తెరవాలి? వచ్చిన జవాబులు మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి.