మేక చూలు కట్టకపోతే తప్పు మేకదేనా? పొలం మందులకూ పోతుకూ ఉన్న లెక్క

మేక రెండు మూడు సార్లు ఎదకు వచ్చి చూలు కట్టకపోతే మన ఊళ్లలో జరిగేది ఒక్కటే. "ఇది గొడ్డుది" అని పేరు పెట్టి, వచ్చిన ధరకు కోతకు అమ్మేస్తారు. మేకపోతును ఎవరూ అనుమానించరు. అది తిరుగుతోంది, మేకల మీదికి ఎక్కుతోంది, గోడను కొమ్ములతో పొడుస్తోంది, దానికేం తక్కువ అనుకుంటారు. కానీ ఎక్కే శక్తి వేరు, వీర్యంలో ఉండే సత్తా వేరు. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండోది మైక్రోస్కోపు కింద తప్ప కనిపించదు.

ఈ సంగతి బీర్పూర్ లాంటి చోట ఎందుకు మాట్లాడుకోవాలంటే, ఇక్కడ పశువు, పొలం రెండూ ఒకే చోట బతుకుతాయి. రోళ్లవాగు కింద వరి, చుట్టుపక్కల మక్క, పసుపు, మామిడి. వరిలో మొగిపురుగుకు గుళికలు, అగ్గితెగులుకు ఒక మందు, కలుపుకు గడ్డిమందు. పొద్దున తైవాన్ పంపుతో కొట్టిన ఒడ్ల మీదికే సాయంత్రం మేకలు వస్తాయి. కోత అయ్యాక ఆ వరిగడ్డే బర్రెలకు మేత. పొలం నుంచి దిగిన నీళ్లే కుంటలో తాగే నీళ్లు.

మందులకూ మగతనానికీ సంబంధం ఉందని ప్రపంచానికి గట్టిగా తెలిసింది అమెరికాలో. డీబీసీపీ అని ఒక మందు ఉండేది, వేర్లను తినే నులిపురుగులను చంపడానికి నేలలో వేసేవాళ్లు. దాన్ని ఎలుకలకు ఇస్తే వృషణాలు కుంచించుకుపోతున్నాయని 1961లోనే శాస్త్రవేత్తలు అచ్చు వేశారు. అయినా అమ్మకం ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రాప్ అనే ఊళ్లో ఆ మందు తయారయ్యే ఫ్యాక్టరీలో కార్మికులు మాట్లాడుకుంటుంటే, చాలా మందికి పిల్లలు పుట్టడం ఆగిపోయిందని తేలింది. పరీక్ష చేస్తే కొందరి వీర్యంలో కణాలే లేవు, కొందరిలో చాలా తక్కువ. 1979లో అక్కడ దాదాపు అన్ని పంటలకూ ఆ మందును ఆపేశారు. ఎలుక చెప్పిన మాట మనుషుల చెవికి ఎక్కడానికి 16 ఏళ్లు పట్టింది.

మందు అసలు లోపల ఏం చేస్తుంది? దారులు చాలా ఉన్నాయి. తేలిగ్గా అర్థమయ్యేది కార్బెండజిమ్ దారి. మన దగ్గర వరి తెగుళ్లకు, పసుపు కొమ్ముల విత్తన శుద్ధికి, మామిడికి వాడే తెల్ల పొడి ఇదే. బూజు కణం రెండుగా చీలకుండా ఆపడం దీని పని. కణం చీలాలంటే లోపల సన్నని దారాల్లాంటివి కావాలి, ఆ దారాలను ఇది పడగొడుతుంది. ఇబ్బంది ఏమిటంటే, పశువు శరీరంలో రోజూ కోట్ల సంఖ్యలో కణాలు చీలే చోటు వృషణం. ఎలుకలకు పెద్ద మోతాదు ఒక్కసారి ఇచ్చినా, పూర్తిగా తయారు కాని వీర్యకణాలు ముందే రాలిపోయి, సన్నని గొట్టాలు మూసుకుపోయి, వృషణం ఎండిపోవడం ప్రయోగాల్లో చూశారు. యూరప్‌లో దీన్ని సంతాన శక్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణాలు ఉంటాయి కదా. ఎరుపు అంటే ఘోర విషం, ఆకుపచ్చ అంటే భయం లేదు అని అందరం అనుకుంటాం. ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఎంత మోతాదుకు ప్రాణం పోతుంది అని. సంతానం సంగతి ఆ రంగు చెప్పదు. కార్బెండజిమ్ వల్ల ప్రాణం పోవాలంటే చాలా ఎక్కువ మోతాదు కావాలి, ఆ లెక్కలో అది అతి తక్కువ ప్రమాదం ఉన్న వర్గం. అదే మందు వృషణం దగ్గర చేసే పని వేరు. నా మటుకు ఈ విషయం దుకాణంలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాల్సినది.

మొగిపురుగుకు వాడుతూ వచ్చిన కార్బోఫ్యూరాన్ మీద మన దేశంలోనే, లక్నోలోని టాక్సికాలజీ పరిశోధన కేంద్రంలో పని జరిగింది. 1995లో అక్కడివాళ్లు మగ ఎలుకల్లో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గినట్టు రాశారు. మక్కలో కలుపుకు కొట్టే అట్రాజిన్ సంగతి ఇంకా విచిత్రం. అమెరికా శాస్త్రవేత్త టైరోన్ హేస్ మగ కప్పలను చాలా కొద్ది అట్రాజిన్ కలిసిన నీళ్లలో పెంచితే, పదింటిలో ఒకటి ఆడకప్పలా మారి గుడ్లు కూడా పెట్టిందని 2010లో ప్రకటించాడు. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు, ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. యూరప్ మాత్రం భూగర్భ జలాల్లో కలుస్తోందని అంతకుముందే, 2004లో, అట్రాజిన్‌ను ఆపింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో 27 మందులను నిషేధించాలని ముసాయిదా తెచ్చింది. అందులో అట్రాజిన్, కార్బెండజిమ్ రెండూ ఉన్నాయి. తర్వాత పూర్తిగా ఆగినవి మాత్రం కొన్నే.

ఇదంతా చదివి మన పోతులన్నీ మందులతోనే చెడిపోయాయని అనుకోవద్దు. ల్యాబులో ఎలుకకు ఇచ్చే మోతాదు ఒడ్డు గడ్డి మీద మిగిలే మందు కంటే చాలా ఎక్కువ. పైగా మగ పశువును చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. ఎండ వాటిలో మొదటిది. వృషణాలు ఒంటి వేడి కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి బయట వేలాడతాయి. జగిత్యాల మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేసిన పొట్టేలు సంగతి చెప్పక్కర్లేదు. బ్రూసెల్లా రోగం వస్తే వృషణాలు వాస్తాయి. ఒకే పోతును ఏళ్ల తరబడి దాని పిల్లల మీదికే వదిలితే సంతతి బలహీనపడుతుంది. మన ఇళ్లలో ఇంకోటి: బాగా పెరిగిన పోతు బక్రీద్‌కు పోతుంది, మందలో మిగిలేది ఏడాది నిండని పిల్ల పోతు. ఖుర్బానీకి దీంతో ఇబ్బంది ఉందా అని అడిగేవాళ్లుంటారు. ఖస్సీ చేసిన పోతు కూడా చెల్లుతుందని ఉలమా చెబుతారు కాబట్టి ఆ బెంగ వద్దు. బెంగ మంద గురించే.

డబ్బు లెక్క చూద్దాం. 2017లో రాష్ట్రంలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు, విలువ లక్షా 25 వేలు. అంటే 20 గొర్రెల ఈత ఒక్క పొట్టేలు మీద ఆధారపడి ఉంది. ఒక గొర్రె చెడితే ఒక పిల్ల పోతుంది. పొట్టేలు చెడితే ఆ ఈత మొత్తం పోతుంది. 15 పిల్లలు, ఒక్కోటి 4 వేలు అనుకుంటే 60 వేలు. ఆ లోపు రైతు గొర్రెల మీద అనుమానంతో నాలుగైదు అమ్మేసి ఉంటే ఆ నష్టం వేరే.

బర్రెలకు, ఆవులకు గోపాలమిత్ర వేసే సూదికి ఈ భయం తక్కువ. కరీంనగర్‌లో ఘనీకృత వీర్య కేంద్రం ఉంది, అలాంటి చోట్ల ప్రతి ఆంబోతు వీర్యాన్నీ పరీక్షిస్తారు. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల కణాలు ఉండాలి, కరిగించాక కనీసం సగం చురుగ్గా కదలాలి. ఆ పరీక్ష లేనిది మేకపోతుకు, పొట్టేలుకు, ఊరి దున్నపోతుకు.

ఇంకో చిక్కు, మందు తిన్న రోజు ఏమీ తెలియదు. వీర్యకణం తయారవడానికి ఎద్దులో సుమారు 61 రోజులు, పొట్టేలులో 47 నుంచి 49 రోజులు పడుతుంది. మనిషిలో 74 దాకా. ఆ తర్వాత పక్కనున్న గొట్టంలో పండడానికి మరో పది పన్నెండు రోజులు. అంటే వానాకాలం నాట్ల తర్వాత కొట్టిన మందు ప్రభావం దసరా దగ్గర బయటపడవచ్చు. అప్పటికి ఆ మందు పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. అందుకే పోతు ఉన్న ఇంట్లో గోడ క్యాలెండర్ మీద మందు కొట్టిన తేదీ, మందు పేరు రాసుకోవడం మంచిది. చాలా దెబ్బలు తాత్కాలికమే, మందు తగలడం ఆగితే రెండు మూడు నెలల్లో పోతు కోలుకోవచ్చు. కణాలు పుట్టించే మూల కణాలే పోతే మాత్రం తిరిగి రాదు.

ఈ నింద అలవాటు మన ఇళ్లలోకీ వచ్చింది. పెళ్లయి మూడేళ్లు దాటితే కోడలిని నాలుగు దవాఖానలు తిప్పుతారు. రోజూ పంపు భుజాన వేసుకుని మందు కొట్టే కొడుకుకు ఒక్క వీర్య పరీక్ష చేయించరు. ఆ పరీక్ష సూది కూడా లేనిది, ఖర్చూ తక్కువే.

పశువుల దగ్గరికి వస్తే, 20 మేకలను కాపాడడం కష్టం, ఒక్క పోతును కాపాడడం సులువు. మందు కొట్టే రోజుల్లో దాన్ని ఇంటి దగ్గరే కట్టి కోసిన మేత వేయవచ్చు. ఖాళీ మందు డబ్బాల్లో, డ్రమ్ముల్లో కుడితి పెట్టొద్దు, ఎంత కడిగినా సరే. పిడుదులకు పంట మందు నీళ్లలో కలిపి ఒంటికి పూసే అలవాటు చాలా చోట్ల ఉంది, అది మానాలి, పశువులకు వేరే మందు దొరుకుతుంది. పోతు రెండు వృషణాలు ఒకే సైజులో, గట్టిగా, గడ్డలు లేకుండా ఉన్నాయా అని చేత్తో పట్టి చూస్తే సగం సంగతి తెలుస్తుంది. తేడా ఉంటే, లేదా మందలో సగానికి పైగా మేకలు తిరగపొర్లుతుంటే, మేకలను అమ్మే ముందు పోతు వీర్యం పరీక్ష చేయించాలి. మన జిల్లాలోనే కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేసి కూడా అడగవచ్చు. వెళ్లేటప్పుడు ఆ సీజన్‌లో వాడిన మందు డబ్బా గానీ, కనీసం దాని మీది పేరు ఫోన్‌లో ఫొటో తీసి గానీ తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.