చుక్క రంగు... గ్లాసెడు నీళ్లు!

ముసురు పట్టిన ఆదివారం. పిల్లలు బయటికెళ్లే దారి లేదు. టీవీ చూసి చూసి విసుగొచ్చింది. 'బోర్ కొడుతోందమ్మా' అనడం పొద్దుట్నుంచి ఇది పదోసారి. అలాంటప్పుడు వంటింటి అలమర ఓసారి వెతకండి. యాలకుల డబ్బా వెనకో, వెనీలా ఎసెన్స్ పక్కనో ఓ చిన్న సీసా ఉంటుంది. పోయిన పుట్టినరోజుకి కేకు కోసం కొని, నాలుగు చుక్కలు వాడి మూత బిగించేసిన ఫుడ్ కలర్. దానికి తోడు ఓ గాజు గ్లాసు, కాసిని నీళ్లు... చాలు. గంటసేపు ఇంట్లో 'బోర్' అన్న మాట వినపడదు.

కాకపోతే ఆ సీసా మీద ఏం రాసుందో చదవాలి. ఆ సంగతి నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. అది తర్వాత. ముందు ఆట!

చుక్క చేసే విన్యాసం

గ్లాసులో నీళ్లు పోసి, అవి నిలకడగా అయ్యేదాకా ఆగి, ఒక్క చుక్క రంగు వదలమనండి. పడీ పడగానే అది కలిసిపోదు. చిన్న గొడుగులా విచ్చుకుంటుంది. అంచుల్నుంచి దారాలు సాగుతాయి. మెల్లగా అడుగుకి దిగి అక్కడ పరుచుకుంటుంది. ఇప్పుడు పక్కనే వేడినీళ్ల గ్లాసు పెట్టి అదే పని చేయించండి. (మరిగే నీళ్లు వద్దు, పిల్లల చేతులు!) ఈసారి దారాలు ఎక్కువసేపు నిలవవు. చూస్తుండగానే గ్లాసంతా ఒకటే రంగు.

'ఎందుకలా?' అని వాళ్లే అడుగుతారు. నీళ్లు పైకి కదలనట్టు కనిపిస్తాయిగానీ లోపల అణువులు ఒక్క క్షణం ఊరుకోవు. వేడెక్కేకొద్దీ వాటి గెంతులు ఎక్కువ. రంగుని అటూ ఇటూ తోసేది అవే. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు వ్యాపనం. అయితే ఇక్కడో తిరకాసుంది. కేవలం వ్యాపనం మీదే వదిలేస్తే, అంటే నీళ్లు ఏమాత్రం చలించకుండా ఉంటే, అడుగునున్న రంగు గ్లాసు పైదాకా పాకడానికి వారాలు పడతాయి. మన కళ్లముందు నిమిషాల్లో అయిపోతోందంటే, ఎక్కువ పని చేసేవి నీళ్లలోని సన్నటి ప్రవాహాలే. గ్లాసు గోడల దగ్గర చల్లబడిన నీళ్లు కిందికి దిగుతుంటే, వెచ్చటివి పైకొస్తుంటాయి. ఈ రెండో ముక్క చెబితే పిల్లలు రేపు టీచర్ని ఇరుకున పెడతారేమో... పెట్టనివ్వండి.

సముద్రం మీద గోదారి

ఒక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల ఉప్పు కరిగించి నీలం రంగు వెయ్యండి. ఇంకో గ్లాసు మామూలు నీళ్లకి పసుపు రంగు. నీలం నీళ్లు సగం గ్లాసు తీసుకుని, వాటి మీద చెంచా బోర్లించి పట్టుకుని, దాని వీపు మీదుగా పసుపు నీళ్లు సన్నటి ధారగా పోయాలి. చెయ్యి నిదానంగా ఉంటే రెండు రంగులూ గీత గీసినట్టు విడివిడిగా నిలబడతాయి. తొందరపడితే అంతా ఆకుపచ్చ. మా ఇంట్లో మొదటి మూడుసార్లూ ఆకుపచ్చే వచ్చింది!

ఉప్పునీళ్లు బరువు, కిందుంటాయి. మంచినీళ్లు తేలిక, పైన తేలతాయి. ఇక ఈ గ్లాసే బంగాళాఖాతం అనుకోండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ... ఇన్ని నదులు తెచ్చిపోసిన మంచినీళ్లకి వాననీళ్లు తోడై సముద్రం పైపొరలో, ముఖ్యంగా ఉత్తరాన, ఉప్పదనం తగ్గిపోతుంది. తేలికైన ఆ పొర కిందున్న చల్లటి నీళ్లతో తొందరగా కలవదు. ఎండకి వేడెక్కి అలాగే పైన ఉండిపోతుంది. తుపాన్లకి బలం ఆ వేడే. అరేబియా సముద్రంకన్నా మనవైపే తుపాన్లు ఎక్కువ రావడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఇదొకటి. ఇంట్లో దివిసీమ వైపు పెద్దవాళ్లెవరైనా ఉంటే ఆ గ్లాసు ముందు పెట్టుకుని 1977 నవంబరు ఉప్పెన గురించి చెప్పించండి. పాఠం మరిచిపోరు.

తెల్ల చామంతి ప్రయోగం చాలామందికి తెలిసిందే. కాడ ఏటవాలుగా కోసి, చిక్కటి రంగునీళ్లలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి రేకుల్లో రంగు ఈనెలు. కాడని నిలువునా చీల్చి చెరో గ్లాసులో ముంచితే పువ్వు చెరో సగం చెరో రంగు. ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు, రంగు పల్చగా ఉంటే ఏమీ కనపడదు. పాల ప్రయోగం ఇంకా సరదా. పళ్లెంలో చిక్కటి పాలు పోసి, అక్కడో చుక్క ఇక్కడో చుక్క రంగులు వేసి, గిన్నెలు తోమే లిక్విడ్‌లో ముంచిన దూదిపుల్ల మధ్యలో ఆనించాలి. సబ్బు తగిలిన చోట పాల తలతన్యత తగ్గి రంగులు పరుగో పరుగు! నానమ్మ 'పాలు నేలపాలు చేస్తున్నారా' అని కేకేసేలోపు ముగించాలి మరి.

ఆకుపచ్చ గుట్టు

నాకు అన్నిట్లోకీ ఇష్టమైంది సుద్దముక్క ఆట. సుద్దముక్క కింది కొసకి వేలెడంత పైన ఆకుపచ్చ ఫుడ్ కలర్ చుక్క పెట్టండి. గిన్నెలో చిటికెడు ఉప్పేసిన నీళ్లు కొద్దిగా పోసి, చుక్క మునగకుండా సుద్దముక్కని నిలబెట్టండి. సుద్ద దొరక్కపోతే టిష్యూ కాగితం పట్టీ వేలాడదీయొచ్చు. నీళ్లు పైకి పాకుతూ రంగుని వెంటబెట్టుకెళ్తాయి. దారిలో ఆకుపచ్చ కాస్తా విడిపోయి నీలం ఒకచోట, పసుపు ఒకచోట తేలతాయి.

రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1900ల తొలి రోజుల్లో చేసిందీ ఇలాంటిదే. సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోంచి ఆకుల రసాన్ని పంపి, అందులోని రంగుల్ని విడగొట్టాడు. దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టిందీ ఆయనే. మిఠాయిల్లో వాడకూడని రంగులు కలిపితే పట్టుకునే ప్రయోగశాలల్లో ఇవాళ్టికీ దాని వారసులే పనిచేస్తున్నాయి.

ఇప్పుడు సీసా తిప్పి చూడండి. ఆకుపచ్చ రంగు సీసాల మీద సాధారణంగా 102, 133 అని రెండు అంకెలుంటాయి. 102 అంటే టార్ట్రజీన్, పసుపు. 133 అంటే బ్రిలియంట్ బ్లూ. సుద్దముక్క చెప్పిందే సీసా కూడా చెబుతోందన్నమాట!

అన్నీ అలా చెప్పవు.

పేరులేని పొట్లం

మూడేళ్ల కిందట మా చిన్నదాని పుట్టినరోజు. గులాబీ రంగు కేకు కావాలని పేచీ. దగ్గర్లోని కిరాణా కొట్లో 'కేకులోకి రంగుందా' అనడిగితే పొడి పొట్లం కట్టిచ్చారు. చిటికెడు వేస్తే పిండి మొత్తం మెరిసిపోయే గులాబీ! పదకొండుమంది పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నారు. మర్నాడు పక్కవీధి అమ్మాయి ఫోన్ చేసింది. 'అక్కా, కేకులో ఏం రంగు వాడారు? మా బాబు చేతులకి ఇంకా పోలేదు' అని. నా గోళ్ల చుట్టూ కూడా అలాగే ఉంది. పొట్లం తీసి చూశాను. పేరు లేదు, అంకె లేదు, తేదీ లేదు. కొట్టుకెళ్లి 'ఇది తినే రంగేనాండీ' అన్నాను. 'అందరూ అదే తీసుకెళ్తారమ్మా' అన్నాడాయన. ఆ జవాబులో అవునూ లేదు, కాదూ లేదు. పిల్లలకి అదృష్టవశాత్తూ ఏమీ కాలేదు. కానీ పదకొండు ఇళ్ల తల్లులకి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

మన దేశంలో తినే పదార్థాల్లో వాడటానికి అనుమతి పొందిన కృత్రిమ రంగులు ఎనిమిదే. పసుపు ఛాయలకి టార్ట్రజీన్ (102), సన్‌సెట్ ఎల్లో (110). ఎరుపులకి కార్మోయిసిన్ (122), పాన్సో 4ఆర్ (124), ఎరిత్రోసిన్ (127). నీలాలకి ఇండిగో కార్మైన్ (132), బ్రిలియంట్ బ్లూ (133). ఆకుపచ్చకి ఫాస్ట్ గ్రీన్ (143). అవీ అన్నిట్లో కాదు, నిబంధనలు పేర్కొన్న పదార్థాల్లోనే. చాలావాటిలో పరిమితి కిలోకి 100 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో పదో వంతు! పొడిలో అసలు రంగు కొంతే ఉన్నా, అరచెంచా వేస్తే లెక్క ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి.

ఈ ఎనిమిదిలో లేనివే అసలు భయం. గులాబీ రంగు రొడమిన్-బి బట్టల అద్దకాల్లో వాడేది. పీచుమిఠాయిలో అది బయటపడటంతోనే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, ఆ వెంటనే తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాల్ని నిషేధించాయి. మార్చిలో కర్ణాటక కూడా పీచుమిఠాయిలో రొడమిన్-బిని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. పసుపు పొడిలో, మిఠాయిల్లో కల్తీగా దొరికే మెటానిల్ ఎల్లోదీ ఇదే బాపతు.

పోనీ అనుమతి ఉన్నవాటితో ఏ పేచీ లేదా అంటే, కాస్త ఉంది. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని రంగుల మిశ్రమాన్ని, సోడియం బెంజోయేట్‌తో కలిపి, మూడేళ్ల పిల్లలకీ ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకీ ఇచ్చి చూశారు. కొందరిలో కుదురులేనితనం పెరిగింది. సాక్ష్యం గట్టిది కాదన్న వాదనలూ వచ్చాయి. అయినా ఆరు రంగులు వాడిన పదార్థాల మీద హెచ్చరిక ముద్రించాలని ఐరోపా సమాఖ్య 2010 నుంచి నిబంధన పెట్టింది. ఆ ఆరింటిలో నాలుగు మన ఎనిమిదిలోనివే. అమెరికా అయితే ఎరిత్రోసిన్‌కి ఆహారంలో ఇచ్చిన అనుమతిని 2025 జనవరిలో రద్దుచేసి, కంపెనీలకి 2027 దాకా గడువిచ్చింది.

ఇదంతా చదివి సీసా అవతల పారెయ్యక్కర్లేదు. లేబులున్న రంగు గ్లాసులో ఆటకి నిక్షేపంగా పనికొస్తుంది. ఏడాదికో కేకులో టూత్‌పిక్ కొసకి అంటినంత వేస్తే నేనైతే బెంగపడను. పొట్లం రంగుని మాత్రం ఆటకీ ఇవ్వను. పిల్లల వేళ్లు నోట్లోకి వెళ్లకుండా ఆపగలిగిన తల్లిని నేనింకా చూడలేదు.

కేకులో చిక్కులు

కేకులో వేసిన రంగు అనుకున్నట్టు రాదు, అదో పాఠం. నీలం కేకు కావాలని గుడ్డుసొనా వెన్నా ఉన్న పిండిలో నీలం వేస్తే ఆకుపచ్చకి తిరుగుతుంది. అక్కడా పసుపూ నీలమే! అందుకే కేకుని మామూలుగా కాల్చేసి రంగు పైపూతలో వెయ్యడం మేలు. జల్లించిన పంచదార పొడిలో చెంచా చెంచాగా నీళ్లు కలపాలి. రంగు చుక్కలు కూడా నీళ్ల లెక్కేనని గుర్తుంచుకోవాలి, లేకపోతే పూత జారిపోతుంది. కరిగించిన చాక్లెట్‌లో మాత్రం నీళ్లరంగు చుక్క కూడా వద్దు. ముద్దకట్టేస్తుంది.

పొట్లం దెబ్బతో నేను బీట్‌రూట్ వైపు తిరిగాను. పిండి ఎంత అందంగా ఉందో, వేడికి రంగు విరిగి కేకు అంత గోధుమగా తేలింది. నిమ్మరసమో పుల్ల పెరుగో కలిపితే కొంత నిలబడుతుందని తర్వాత తెలిసింది. ఈసారి పసుపు వేద్దామనుకున్నా. చిటికెడు పసుపు, వంటసోడా కాస్త ఎక్కువే. కుక్కర్ మూత తీస్తే... ఇటుక రంగు కేకు!

మా అత్తయ్య నవ్వి నవ్వి కూర్చుండిపోయారు. 'పెళ్లిలో హారతికి ఎర్రనీళ్లు దేంతో కలుపుతారనుకున్నావే అమ్మాయ్?' అంటూ పళ్లెంలో నీళ్లు పోసి పసుపు వేశారు. తన వక్కల పెట్టెలోంచి కాస్త సున్నం తీసి వేలితో కలిపారు. పచ్చటి నీళ్లు ఎర్రబడ్డాయి. సోడా అయినా సున్నమైనా క్షారమే కదా, పసుపుకి రెండూ ఒకటే. పక్కనే ఉన్న నిమ్మచెక్క తీసి చిన్నది పళ్లెంలోకి పిండింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు!

'ఇంకాస్త సున్నం వెయ్యి నానమ్మా' అంది.