భీమిలి వెళ్దాం... అమ్మకీ సెలవిచ్చి!

విశాఖ నుంచి భీమునిపట్నం 25 కిలోమీటర్ల పైచిలుకే. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేసరికి ఇంటికొచ్చేయొచ్చు. కానీ మనలో చాలామందికి పిక్నిక్ అంటే తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలిగించడం! అందరూ సముద్రం చూస్తుంటే మనం క్యారియర్లు సర్దుతూ ఉంటాం. అందుకే ఈసారి మా ఇంట్లో నేనో షరతు పెట్టాను. పులిహోర, పెరుగన్నం మించి వంట లేదు. పులిహోర పులుసు ముందురోజు రాత్రే సిద్ధం. మంచినీళ్లు, దుప్పటి మావారి పూచీ. టోపీలు, మార్చుకునే బట్టలు పిల్లలే సర్దుకోవాలి.

ఇక మా ప్లాను వినండి. బీచ్ రోడ్డు దారిలోనే తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లే ఆ పేరు. సుమారు 2,000 ఏళ్లనాటి బౌద్ధారామం అది. ఎండ ముదరకముందే చూసెయ్యాలి. భీమిలిలో 17వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన డచ్చివారి సమాధులున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది! పిల్లలకు ఇంతకంటే మంచి చరిత్ర పాఠం ఏముంది? సాయంత్రం గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటుకి. ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడ పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. ప్రవాహం, కెరటాలు కలిసి లోపలికి లాగేస్తాయి.

మరో మాట. మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయంతో నీళ్లు తాగడం మానేయకండి. దారిలో ఏ హోటల్ దగ్గర ఆగాలో ముందే అనుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఒక్కరోజైనా ఇసుకలో కాళ్లు చాపుకుని తీరిగ్గా కూర్చునే హక్కు మనకీ ఉంది కదూ!