ఇంట్లో డయాలసిస్ చేసుకుంటున్నారా? బ్యాగులో నీళ్లు మసకగా వస్తే ముందే మాత్ర వేసుకోవద్దు.. ఎందుకంటే!

కిడ్నీలు పాడైతే ఆస్పత్రి మెషీన్ ఒక్కటే దారి కాదు. ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ కూడా ఉంది. పొట్టలో అమర్చిన సన్నటి పైపు ద్వారా సుమారు 2 లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపిస్తారు. పొట్ట లోపలి పొర జల్లెడలా పనిచేసి రక్తంలోని వ్యర్థాలను ఆ ద్రవంలోకి వదులుతుంది. కొన్ని గంటలయ్యాక దాన్ని బయటకు తీసి కొత్తది నింపాలి. చేత్తో చేసుకునేవాళ్లు రోజుకు 3 నుంచి 4 సార్లు బ్యాగు మార్చాలి. ఏ ఒక్కసారి శుభ్రత తప్పినా ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది?

చేతుల మీది స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పైపు ద్వారా పొట్టలోకి చేరుతుంది. పేగుల నుంచి ఈ-కోలై లాంటివీ రావచ్చు. దీన్నే పెరిటోనైటిస్ అంటారు. బయటకు వచ్చే ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా మసకగా మారడం, కడుపునొప్పి, జ్వరం దీని లక్షణాలు.

మొండి బ్యాక్టీరియాతోనే చిక్కు

ఎంఆర్‌ఎస్‌ఏ, ఈఎస్‌బీఎల్ రకాలు మామూలుగా వాడే చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగవు. పైగా పైపు లోపల జిగురు పొరలా అతుక్కున్న బ్యాక్టీరియాను మందు చంపడం కష్టం. సరైన మందు ఇచ్చినా 5 రోజుల్లో ద్రవం తేటపడకపోతే సాధారణంగా పైపు తీసేస్తారు. అప్పుడు రోగి కనీసం కొంతకాలమైనా మెషీన్ డయాలసిస్‌కు మారాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

మెడికల్ షాపు మాత్రతో నష్టమేంటి?

ఏ బ్యాక్టీరియా వచ్చింది, దానికి ఏ మందు పనిచేస్తుందనేది ద్రవాన్ని కల్చర్ టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. ముందే మాత్ర వేసుకుంటే టెస్ట్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. ఇన్ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంటుంది. డాక్టర్ అంచనాతో మందు ఇవ్వాల్సి వస్తుంది. సగం కోర్సుతో ఆపేస్తే మందుకు లొంగని బ్యాక్టీరియానే మిగులుతుంది. అందుకే మన దేశంలో చాలా యాంటీబయాటిక్స్‌ను 2014 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో పెట్టారు. చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు.

ఏం చేయాలి?

* మసకగా వచ్చిన బ్యాగును పారేయకుండా దాంతోనే వెంటనే డయాలసిస్ సెంటర్‌కు వెళ్లాలి. కల్చర్‌కు శాంపిల్ తీశాక రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఎక్కువగా పొట్టలోకి పంపే ద్రవంలోనే కలిపి ఇస్తారు.
* బ్యాగు మార్చే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మాస్క్ పెట్టుకోవాలి. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసేయాలి.
* పైపు బయటకు వచ్చే చోట ఎరుపు, చీము కనిపించినా, మలబద్ధకం ఉన్నా డాక్టర్‌కు చెప్పాలి.
* నొప్పి తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దు.